క్లారా షూమన్ జర్మన్ పాటలు: పాడేవారూ వాయించేవారూ తరచుగా అడిగే ప్రశ్నలు

క్లారా షూమన్ (1819–1896) పేరు పియానో నేర్చుకున్నవారికి తెలుసు. ఆమె పాటలు కూడా రాసిందని తెలిసినవారు తక్కువ. కర్ణాటక సంగీతంలో కొంత సాధన చేసి, తరువాత పాశ్చాత్య గాత్రం వైపు వచ్చిన తెలుగువారు, వారికి పియానో వాయించే మిత్రులు ఈ పాటలు మొదలుపెట్టినప్పుడు పదే పదే అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. జవాబుల్లో నా ఇష్టాయిష్టాలు కూడా కలిసి ఉన్నాయి. వాటిని దాచే ప్రయత్నం చేయలేదు.

ఆమె రాసిన పాటలు ఎన్ని? ఎక్కడ మొదలుపెట్టాలి?

మనకు దక్కినవి ముప్పైకి కాస్త లోపే. ఆమె బ్రతికి ఉండగా అచ్చయినవాటిలో ముఖ్యమైనవి మూడు సంపుటాలు. మొదటిది ఓపస్ 12 (ఓపస్ అంటే స్వరకర్త రచనలకు వేసే వరుస సంఖ్య): రుకెర్ట్ కవితలకు కట్టిన మూడు పాటలు, 1841లో వెలువడ్డాయి. రెండోది ఓపస్ 13: హైనే, గైబెల్, రుకెర్ట్ కవితలకు ఆరు పాటలు, 1844లో అచ్చయ్యాయి, డెన్మార్క్ రాణి కరోలీనే అమాలీకి అంకితం. మూడోది ఓపస్ 23: హెర్మన్ రొలెట్ రాసిన ‘యుకుండె’ అనే నవలలోని కవితలకు 1853లో కట్టిన ఆరు పాటలు. ఇవి కాక విడిగా మిగిలినవాటిలో హైనే ‘లోరెలై’, బర్న్స్ కవితకు జర్మన్ అనువాదమైన ‘ఆమ్ ష్ట్రాండె’ వంటివి ఉన్నాయి.

మొదటి పాటగా ఓపస్ 12లోని ‘లీబ్‌స్ట్ డు ఉమ్ షోన్‌హైట్’ (అందం కోసం ప్రేమిస్తే) తీసుకోమంటాను. అది సులువని కాదు, అందులో కష్టమంతా పైకే కనిపిస్తుంది కాబట్టి. ‘లోరెలై’తో మాత్రం మొదలుపెట్టకండి. అందులో పియానో మూడేసి స్వరాల గుంపులను ఆగకుండా దడదడలాడిస్తూ ఉంటుంది. దాని ఉరవడికి కొత్త గాయకులు గొంతు పెంచుతారు, గొంతు పెంచాక మాటలు పోతాయి.

‘లీడ్’ అంటే ఏమిటి? మన కృతికీ దానికీ పోలిక ఉందా?

జర్మన్ భాషలో లీడ్ అంటే పాట; బహువచనం లీడర్. సంగీతంవారు ఆ మాటను పంతొమ్మిదో శతాబ్దంలో వెల్లివిరిసిన ఒక ప్రత్యేకమైన రూపానికి వాడతారు: ముందే అచ్చయి ఉన్న కవితకు ఒక గొంతు, ఒక పియానో కోసం స్వరకర్త రాసిన సంగీతం. కృతిలో సాహిత్యం, సంగీతం ఎక్కువగా ఒకే వాగ్గేయకారుడివి. ఇక్కడ కవి వేరు, స్వరకర్త వేరు. కృతిలో సంగతులు పెంచుకుంటూ పోవచ్చు, నెరవు చేయవచ్చు. లీడ్‌లో అచ్చులో ఉన్న స్వరమే స్వరం. గాయకుడి మనోధర్మమంతా మాట విరుపులో, ఊపిరిలో, వేగంలోని రవంత సడలింపులో ఇమడాలి.

ఈ పాటలు రాబర్ట్ షూమన్ పాటల్లాగే ఉంటాయి కదా?

ఈ ప్రశ్న 1841 నుంచీ ఉన్నదే. క్లారా, స్వరకర్త రాబర్ట్‌ల పెళ్లి 1840 సెప్టెంబర్ 12న, ఆమెకు ఇరవై ఒకటో ఏడు నిండటానికి ఒక రోజు ముందు జరిగింది. ఆ ఏడాది రాబర్ట్ దాదాపు 140 పాటలు రాశాడు. ఆ క్రిస్మస్‌కు క్లారా తన కొత్త పాటలు మూడింటిని అతనికి కానుకగా ఇచ్చింది. మరుసటి ఏడు రుకెర్ట్ కవితలకు ఇద్దరూ కలిసి పన్నెండు పాటల పుస్తకం వేశారు. అందులో రెండు, నాలుగు, పదకొండు సంఖ్యల పాటలు ఆమెవి, మిగతావి అతనివి. పుస్తకానికి రెండు ఓపస్ సంఖ్యలు ఉన్నాయి, అతనికి 37, ఆమెకు 12. కానీ ఏ పాట ఎవరిదో లోపల ఎక్కడా అచ్చు వేయలేదు. తెలిసి చేసిన చిలిపితనమే అది.

వారి అభిరుచులు ఒకే ఇంట్లో, ఒకే పుస్తకాల అరలో పెరిగినవి కాబట్టి పోలిక ఉండక తప్పదు. అయినా వరుసగా నాలుగు పాటలు పాడి చూస్తే తేడా చేతికి తెలుస్తుంది. రాబర్ట్ తరచు గొంతులోని స్వరాన్ని సగంలో వదిలి పియానోకు అప్పగిస్తాడు. క్లారా గొంతుకు నిండు వాక్యం ఇస్తుంది, ఆ వాక్యంలో అనకుండా మిగిల్చినదాన్ని పియానోలో ఉంచుతుంది. తొమ్మిదో ఏటనే లైప్‌జిగ్‌లోని గెవాండ్‌హౌస్ కచేరీ శాలలో వేదిక ఎక్కిన వాదకురాలు ఆమె. ఏ స్వరం ఎంతసేపు మోగి ఎప్పుడు చల్లారుతుందో ఆమె వేళ్లకు తెలుసు. ఈ పాటల్లో సగం అర్థం పియానోలోనే ఉంది అనే ఒక్క మాట చుట్టూనే ఈ పుటలోని తక్కిన జవాబులన్నీ తిరుగుతాయి.

జర్మన్ రాదు. పాడవచ్చా?

పాడవచ్చు, కానీ ప్రతి మాటకూ అర్థం తెలియకుండా వద్దు. కవిత మొత్తం సారాంశం తెలిస్తే చాలదు. ఏ మాట క్రియ, ఏ మాట కర్త, వాక్యం ఎక్కడ తెగుతుంది అనేవి పెన్సిల్‌తో కాగితం మీద రాసుకోవాలి. జర్మన్‌లో క్రియ చాలాసార్లు మన తెలుగులోలాగే వాక్యం చివరకు పోతుంది. అంతవరకు అర్థం కోసం వేచి ఉండే అలవాటు మనకు ఉంది, ఇంగ్లీషు మాత్రమే తెలిసినవారికంటే ఆ విషయంలో మనది కాస్త పైచేయి.

ఉచ్చారణలో మనకు కలిసివచ్చేవీ, అడ్డుపడేవీ రెండూ ఉన్నాయి. మొదట కలిసివచ్చేవి. జర్మన్ అక్షరం ‘జెడ్’ పలుకు మన దంత్య ‘ౘ’: చాప, చుక్క, చోటు అన్నప్పుడు మొదట వచ్చే ధ్వని. కాబట్టి ‘ౘు’, ‘ౘైట్’ అనే మాటలు ఇంగ్లీషు గాయకులకంటే మనకు చక్కగా వస్తాయి. వేదిక మీద ‘ర’ నాలుక కొసతో పలికేదే. నేటి జర్మన్ సంభాషణలో వినిపించే గొంతు ‘ర’ను అనుకరించనక్కరలేదు. ‘ఆఖ్’, ‘నాఖ్ట్’ మాటల్లోని గరగర ధ్వని హైదరాబాదు ఉర్దూలో ‘ఖుదా’ అన్నప్పుడు వినబడేదే.

ఇక అడ్డుపడేవి. ‘ఇష్’, ‘మిష్’ అని చాలామంది పాడే మాటల చివర ఉన్నది ‘ష’ కాదు. నాలుకను ‘ఈ’ పలికే చోట ఉంచి, గొంతు మోగించకుండా గాలి మాత్రమే వదిలితే వచ్చే ధ్వని అది. దానికి మన లిపిలో గుర్తు లేదు. నాలుక ‘ఈ’ దగ్గర, పెదవులు ‘ఊ’ దగ్గర ఉంచితే ఒక అచ్చు. నాలుక ‘ఏ’ దగ్గర, పెదవులు ‘ఓ’ దగ్గర ఉంచితే ఇంకొకటి. అద్దం ముందు రోజూ అయిదు నిమిషాలు చేస్తే వారంలో పట్టుబడతాయి.

అన్నిటికంటే పెద్ద చిక్కు మన భాష అజంతం కావడం. ప్రతి మాట చివరా అచ్చు ఉండాలని మన నాలుక కోరుకుంటుంది. ‘లీప్‌స్ట్’ (పైన ‘లీబ్‌స్ట్’ అని రాసిన మాట పలుకు ఇది) అనే మాటలో అచ్చు ఒక్కటే. దాని వెనుక మూడు హల్లులు వరసగా వస్తాయి. మనం తెలియకుండానే ‘లీప్‌స్టు’ చేస్తాం. ఆ చిన్న ‘ఉ’ తాళంలో చోటు కోరుతుంది, ఆపై వచ్చే మాట ఆలస్యమవుతుంది, పియానో ముందు పోతుంది. హల్లులు మూడూ తరువాతి దెబ్బకు ముందే ముగిసి, దెబ్బ మీద సరిగ్గా తరువాతి మాటలోని అచ్చు పడాలి.

రెండో చిక్కు సంధి. ‘మైన్ ఔగె’ (నా కన్ను) అనే రెండు మాటలను మనం అలవాటుగా ‘మైనౌగె’ అని కలిపేస్తాం. జర్మన్‌లో అచ్చుతో మొదలయ్యే మాటకు ముందు గొంతులో చిన్న తెంపు ఉంటుంది. ఓపస్ 12లోని చివరి పాట ‘వరుమ్ విల్‌స్ట్ డు ఆండ్రె ఫ్రాగెన్’ సారం కన్ను అనే మాటలోనే ఉంది: ఇతరులను అడగవద్దు, నా పెదవుల మాట కూడా నమ్మవద్దు, నా కన్ను చూడు అంటుంది ఆమె. ఆ మాటను సంధిలో కరిగించేస్తే పాట చెప్పదలచుకున్నది కూడా కరిగిపోతుంది.

మాటలను తెలుగు లిపిలో రాసుకుని నేర్చుకోవచ్చా?

మొదటి వారం రాసుకోండి, రెండో వారం చెరిపేయండి. మాట చివరి బలహీనమైన ‘ఎ’ను (‘లీబె’, ‘బ్లూమె’) మన లిపిలో చూసినకొద్దీ నిండుగా పలకాలనిపిస్తుంది. ‘లీబే’ అని దీర్ఘం కూడా వచ్చేస్తుంది. ఒత్తు అక్షరాలతోనూ అదే ఇబ్బంది. ‘జొన్నె’ (సూర్యుడు) అన్న మాటలో రెండు ‘న’లు రాయడం ముందున్న అచ్చు హ్రస్వమని చెప్పడానికే, ‘అన్నం’లోలాగా నిలపడానికి కాదు. ఆ మాట మొదట ఉన్నది ‘జొన్న’లోని ‘జ’ కూడా కాదు, నాలుకను పళ్లకు తగిలించకుండా మోగించే ‘స’. ఈ పుటలో నేను రాసిన తెలుగు రూపాలు కూడా గుర్తింపు కోసమే. వాటిని చూసి పాడకండి.

గమకాలు మానేయాలా?

మానేయాలి. స్వరం నుంచి స్వరానికి జారడం ఆ కాలపు యూరప్ గాయకులకూ ఉండేది, కానీ ఏదో ఒక మాట బరువు చూపడానికి ఒకసారి వాడే జారుడు వేరు, స్వరాన్ని ఊపుతూ నిలపడం వేరు. పియానో స్వరం ఊగదు. దాని పక్కన గొంతు ఊగితే శ్రుతి తప్పినట్లే వినిపిస్తుంది. కర్ణాటక సాధన వల్ల వచ్చే లాభం వేరే చోట ఉంది: తాళం లోపల నుంచి నడవడం, చెవి సూక్ష్మంగా ఉండడం, సాహిత్యాన్ని గౌరవించడం. తంబూరా లేకుండా నిలబడటం మాత్రం కొత్త. ఈ పాటల్లో ఆధార షడ్జమం మధ్యలో మారిపోతూ ఉంటుంది, కాబట్టి పియానో ఎడమచేతి అడుగు స్వరాన్ని వింటూ పాడటం మొదటి నుంచీ అలవాటు చేసుకోవాలి.

‘లీబ్‌స్ట్ డు ఉమ్ షోన్‌హైట్’ ప్రతి చరణం ఒకేలా వినిపిస్తోంది. ఏం చేయాలి?

ఒకేలా ఉండటంలోనే దాని పనితనం ఉంది. కవిత ఇలా నడుస్తుంది: అందం కోసం ప్రేమిస్తే నన్ను ప్రేమించకు, బంగారు జుట్టున్న సూర్యుణ్ణి ప్రేమించు, యౌవనం కోసమైతే నన్ను వద్దు, ఏటేటా పడుచుదయ్యే వసంతాన్ని ప్రేమించు, ధనం కోసమైతే నన్ను వద్దు, ముత్యాలున్న సముద్రకన్యను ప్రేమించు, ప్రేమ కోసమే అయితే, అవును, నన్నే ప్రేమించు, ఎప్పటికీ. (జర్మన్‌లో సూర్యుడు స్త్రీలింగం, బంగారు జుట్టు అందుకే అంత సహజంగా కుదిరింది. తెలుగులోకి తెస్తే మీసాలు మొలుస్తాయి.)

మొదటి మూడు చరణాల్లో ఒకే చోట ‘నిహ్ట్’ (కాదు) వస్తుంది, నాలుగోసారి అదే చోట ‘యా’ (అవును) వస్తుంది. మూడు ‘కాదు’లనూ ఎలా పాడాలన్నదే అసలు ప్రశ్న. కొత్తవారు మూడింటినీ విషాదంగా, త్యాగమూర్తుల్లా పాడతారు. కానీ ఈ మాటలు అంటున్న స్త్రీ దుఃఖంలో లేదు. ఆమె బేరం చెబుతోంది, కొంచెం నవ్వుతోంది కూడా. మొదటి ‘కాదు’ మర్యాదగా, రెండోది తేలిగ్గా, మూడోది ఇంకొంచెం దగ్గరగా వచ్చి చెప్పినట్లు ఉండాలి. మూడింటిలోనూ చివరి హల్లు స్పష్టంగా వినబడాలి. అప్పుడు నాలుగో చరణంలో అచ్చుతో తెరుచుకునే ‘యా’ దానంతట అదే వెలుగుతుంది. దాని ముందు ఆగి, కళ్లు మూసుకుని, ఊపిరి పీల్చి ‘ఇదిగో వస్తోంది’ అని సూచించనక్కరలేదు. నాలుగో చరణం వచ్చేదాకా గొంతు తెరవకుండా దాచుకోమని నా సలహా. మొత్తం పాట రెండున్నర నిమిషాలే, తొందరపడి మొదటి చరణంలోనే అంతా ఖర్చు చేస్తే మిగిలేది ఏమీ ఉండదు.

పాట మీద ‘నిహ్ట్ ష్నెల్’ అని ఉంటుంది, అంటే ‘వేగంగా కాదు’. నెమ్మదిగా అని కాదు. ఈ రెండింటి మధ్య తేడా చాలా ప్రదర్శనల్లో పోయింది. మాటలను పాట లేకుండా, మామూలుగా ఒక మనిషితో అన్నట్లు చదివి చూడండి. ఆ చదువుకు దగ్గరగా ఉన్న నడకే సరైనది. గొంతు ఆగాక పియానో కొద్దిసేపు ఒంటరిగా నడుస్తుంది. అప్పుడు గాయని నిలబడి ఉండాలి, ముఖంలో ఇంకా పాట ఉండాలి. నీళ్ల సీసా వైపు చూడకూడదు.

ఇదే కవితకు 1902లో గుస్తావ్ మాలర్ కూడా బాణీ కట్టాడు. రెండూ పక్కపక్కన నేర్చుకోవడం మంచి అభ్యాసం, కానీ మాలర్ పాటలోని బరువును దీనిలోకి తేవద్దు.

హైనే కవితల్లో ఉన్న ఎగతాళిని క్లారా వదిలేసిందా?

ఓపస్ 13లోని మొదటి పాట ‘ఇహ్ ష్టాండ్ ఇన్ డుంక్లెన్ ట్రోయ్‌మెన్’ గురించే ఈ ప్రశ్న ఎక్కువగా వస్తుంది. ప్రియురాలి చిత్తరువును చూస్తూ నిలబడ్డ మనిషికి ఆ ముఖం ప్రాణం పోసుకుని నవ్వినట్లు, కన్నీరు పెట్టినట్లు అనిపిస్తుంది. చివర ‘నిన్ను పోగొట్టుకున్నానంటే నమ్మలేను’ అంటాడు. ఇదే కవితకు షూబర్ట్ ‘ఇయర్ బిల్డ్’ అనే పేరుతో మైనర్‌లో (విషాదపు ఛాయ ఉన్న స్వరశ్రేణిలో), రెండు చేతులూ ఒకే స్వరాన్ని మోగించే ఎండిన ఎడారిలాంటి సంగీతం కట్టాడు. క్లారా పాట ఇ-ఫ్లాట్ మేజర్‌లో ఉంది. మన చెవికి దాదాపు శంకరాభరణపు నిండుతనం. పోగొట్టుకున్నవాడి పాటకు అంత వెచ్చని సంగీతమా అని ఆక్షేపించేవారు ఉన్నారు.

నా వరకు అది వదిలేయడం కాదు, వేరుగా చదవడం. అతను ‘నమ్మలేను’ అన్నాడు కదా; అంటే అతని మనసులో ఆమె ఇంకా పోలేదు. షూబర్ట్ మనకు జరిగినదాన్ని వినిపించాడు, క్లారా ఆ మనిషికి వినిపిస్తున్నదాన్ని వినిపించింది. అందుకే ఆ చివరి మాటను ఏడుస్తూ పాడకూడదు. గొంతు నిబ్బరంగా ఉండాలి, దాని కింద పియానోలో అడుగు స్వరాలు కదలడం శ్రోతకు వినబడాలి. అక్కడే నేల జారుతోందని తెలిసేది. ఈ పాట తొలి రూపం ‘ఇయర్ బిల్డ్‌నిస్’ కూడా అచ్చులో దొరుకుతుంది, 1840 క్రిస్మస్ కానుకల్లో అదొకటి. రెండు రూపాలనూ పక్కన పెట్టుకుని ఏం మార్చిందో చూస్తే, పాఠాల్లో దొరకని సంగతులు దొరుకుతాయి.

రెండో పాట ‘జీ లీప్టెన్ జిహ్ బైడె’ దీనికి పూర్తిగా ఎదురు. ఇద్దరూ ప్రేమించుకున్నారు, ఒకరికొకరు చెప్పుకోలేదు, శత్రువుల్లా చూసుకున్నారు, విడిపోయారు. చివరికి ఎప్పుడో చనిపోయారు, ఆ సంగతి వారికే సరిగా తెలియదు. ఎనిమిది పాదాల్లో రెండు బతుకులు. దీన్ని కథ చెప్పేవాడి గొంతుతో, తనకేమీ సంబంధం లేనట్లు పాడాలి.

‘డీ ష్టిల్లె లోటోస్‌బ్లూమె’ ముగిసినట్లే లేదు. అచ్చుతప్పా?

కాదు. ఓపస్ 13లో ఆఖరిదైన ఈ పాట డామినెంట్ సెవెంత్ అనే కార్డ్‌తో (కార్డ్ అంటే ఒకేసారి మోగే కొన్ని స్వరాల కలయిక) మొదలై, అదే కార్డ్‌తో ఆగిపోతుంది. మన మాటల్లో చెప్పాలంటే పంచమం దగ్గర నిలిచి, షడ్జమానికి చేరాలని తహతహలాడుతూ, చేరకుండానే పాట అయిపోతుంది. గైబెల్ కవిత ప్రశ్నతో ముగుస్తుంది. నీలి సరస్సులోంచి తెల్లని పువ్వు లేస్తుంది, చంద్రుడు దాని గుండెలోకి బంగారు వెన్నెలంతా ఒంపుతాడు, నీటిలో ఒక తెల్లని హంస దాని చుట్టూ తిరుగుతూ మెల్లగా, తీయగా పాడుతుంది, పాడుతూ పాడుతూ ప్రాణం విడవాలనుకుంటుంది. ఓ పువ్వా, ఆ పాట నీకు అర్థమవుతుందా? జవాబు కవితలో లేదు, కాబట్టి సంగీతంలోనూ లేదు.

తెలుగు పాఠకుడికి ఇక్కడ రెండు చోట్ల కాలు తడబడుతుంది. మన కవిత్వంలో తామర సూర్యుడిది. వెన్నెలకు విచ్చేది కలువ, చంద్రుడికి కలువలరేడు అనే పేరే ఉంది. జర్మన్ కవులకు నచ్చిన లోటస్ రాత్రిపూట విచ్చే పువ్వు, అంటే మన లెక్కన కలువ. అనువాదం చేసి శ్రోతలకు ఇచ్చేటప్పుడు ‘తామర’ అని రాస్తే, చంద్రుడి దగ్గరకు రాగానే మనవాళ్లకు బొమ్మ చెదిరిపోతుంది. ‘నిశ్శబ్దమైన కలువ’ అనండి. రెండోది హంస. మన హంస పాలూ నీళ్లూ వేరు చేస్తుంది, దమయంతికి నలుడి కబురు తెస్తుంది. యూరప్ హంస జీవితమంతా మౌనంగా ఉండి చనిపోయే ముందు ఒక్కసారి పాడుతుందని వారి నమ్మకం. గైబెల్ హంస ఎందుకు పాటలో కరిగిపోవాలనుకుంటుందో దానితో తెలుస్తుంది. (నలదమయంతుల కథ ఆనాటి జర్మన్‌వారికి కొత్త కాదు. ప్రాచ్య భాషల ఆచార్యుడైన రుకెర్ట్ దాన్ని 1828లోనే జర్మన్ పద్యాల్లో తిరగరాశాడు. గీతగోవిందాన్నీ అనువదించాడు.)

ప్రదర్శనలో చేయవలసింది ఒక్కటే: ఆఖరి కార్డ్‌ను మోగనివ్వాలి, తానుగా చల్లారేదాకా. దాని మీద వేగం బాగా తగ్గించి ‘ఇది ముగింపు’ అని ప్రకటించకూడదు, దబాయించి కత్తిరించకూడదు. నేను మొదటిసారి ఒక చిన్న హాల్లో ఈ పాటకు పియానో వాయించినప్పుడు ఆ నిశ్శబ్దాన్ని భరించలేక, నా ఎడమచేయి దానంతట అదే కిందికి వెళ్లి ఎ-ఫ్లాట్ మోగించింది. లేని ముగింపు పెట్టాను. శ్రోతలు హాయిగా చప్పట్లు కొట్టారు, గాయని నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

పియానో వాయించేవారు ఏం గుర్తుంచుకోవాలి?

ఇది పక్కవాద్యం కాదు. గాయనికి అడ్డు రాకూడదనే వినయంతో మరీ మెల్లగా వాయిస్తే క్లారా పాటలో సగమే వినిపిస్తుంది. ‘ఎర్ ఇస్ట్ గెకొమ్మెన్ ఇన్ ష్టుర్మ్ ఉంట్ రేగెన్’ (అతను వచ్చాడు, గాలివానలో) తీసుకోండి. తుఫాను మొత్తం పియానోలో ఉంది. గాయని ఆ తుఫానులోకి వస్తుంది. పాట మీద ‘లైడెన్‌షాఫ్ట్‌లిహ్’ అని రాసి ఉంది, అంటే ఆవేశంతో. ఆవేశమంటే చప్పుడని అనుకుంటే ‘అతను నా హృదయాన్ని తీసుకున్నాడా, నేను అతనిది తీసుకున్నానా’ అనే మధ్య చరణం మునిగిపోతుంది. కుడిచేతి వేగమైన స్వరాలను వేళ్ల కొసలతో, లోతుగా నొక్కకుండా వాయించి, వాక్యం మలుపుల్లో మాత్రమే బరువు వేయాలి. చివరి చరణంలో వసంతం వస్తుంది, అతను వెళ్లిపోతున్నా ఆమె నిశ్చింతగా ఉంటుంది. ఆ మార్పును మొదట చూపేది పియానోయే.

పెడల్ విషయంలో ఆ కాలపు వాద్యాన్ని తలచుకోవాలి. వియన్నాలో పియానోలు తయారుచేసే కాన్రాడ్ గ్రాఫ్ ఆమెకు కానుకగా ఇచ్చిన పియానో వంటి వాటిలో స్వరం త్వరగా చల్లారేది, అడుగు స్వరాలు పలచగా, స్పష్టంగా ఉండేవి. నేటి పెద్ద పియానోలో అదే పెడల్ అదే చోట తొక్కితే అడుగంతా బురదవుతుంది. సగం తొక్కడం, తరచు మార్చడం అలవాటు చేసుకోండి. స్వరం త్వరగా ఆరే వాద్యం కోసం రాసిన పాట సహజంగానే ముందుకు నడుస్తుంది. మన దగ్గర వినిపించే నత్తనడక ప్రదర్శనలకు సగం కారణం నేటి పియానోల ఎడతెగని మోత.

ఇంట్లో డిజిటల్ కీబోర్డే ఉందంటే ఇబ్బందేమీ లేదు, కీలకు బరువు ఉండాలి, 88 ఉండాలి. ప్రతిధ్వని ఎఫెక్ట్ ఆపేయండి.

శ్రుతి మార్చి పాడవచ్చా?

మార్చవచ్చు, ఇవి పలు శ్రుతుల్లో అచ్చులో దొరుకుతాయి. గొంతుకు హాయిగా ఉన్నదే ఎంచుకోండి. ఒక్కటే షరతు: మరీ కిందికి దించితే పియానో ఎడమచేతి కార్డ్‌లు మందమై మాట వినబడదు. స్వరలిపి కోసం బ్రైట్‌కాఫ్ ఉంట్ హేర్టెల్ ప్రచురించిన రెండు సంపుటాల ప్రతి (సంపాదకులు యోఆఖిమ్ డ్రాహైమ్, బ్రిగిట్టె హోఫ్ట్) నమ్మదగినది.

మగవారు పాడవచ్చా?

హైనే చిత్తరువు పాట మగవాడి మాటే. ‘ఎర్ ఇస్ట్ గెకొమ్మెన్’లో వచ్చినవాడు పురుషుడని వ్యాకరణమే చెబుతుంది, కాబట్టి దాన్ని స్త్రీ మాటగానే తీసుకుంటారు. మిగతా చాలా పాటలకు ఆ పట్టింపు లేదు. రుకెర్ట్ పన్నెండు పాటల పుస్తకం మొత్తంగా పాడదలిస్తే ఒక స్త్రీ, ఒక పురుషుడు కావాలి. రాబర్ట్ భాగంలో యుగళగీతాలు ఉన్నాయి.

కచేరీలో ఏ వరుసలో పాడాలి?

ఓపస్ 13ను ఆరు పాటలుగా, మధ్యలో చప్పట్లు లేకుండా పాడటం నాకు ఇష్టం. కలువ పాట చివరిదిగా, జవాబు లేకుండా మిగిలిపోతుంది. దాని తరువాత వెంటనే విరామం ఇవ్వండి, లేదా రాబర్ట్ 1840లో హైనే కవితకు కట్టిన ‘డీ లోటోస్‌బ్లూమె’ పెట్టండి, అదీ చంద్రుణ్ణి ప్రేమించే పువ్వు పాటే. క్లారా కాలపు కచేరీల్లో పాటల మధ్య పియానో రచనలు కలిసి ఉండేవి. ఆమె ఒక రచన నుంచి మరోదానికి పోయేటప్పుడు అప్పటికప్పుడు కొన్ని కార్డ్‌లు అల్లి దారి వేసేది. చివరి రోజుల్లో, 1895లో, కూతుళ్లు కోరితే అలాంటివి కొన్ని కాగితం మీద పెట్టింది కూడా. శ్రుతి దూరంగా ఉన్న రెండు పాటల మధ్య మీ వాదకులు రెండు బార్ల (తాళంలోని విభాగాల) వంతెన వేస్తే అది తప్పు కాదు, ఆమె పద్ధతే.

అనువాదాలు కాగితం మీద ఇవ్వండి, కానీ పాట మధ్యలో పేజీ తిప్పవలసిన అవసరం రాకుండా అచ్చు వేయండి. నలభైమంది ఒకేసారి కాగితం తిప్పే చప్పుడు ఏ గొంతునైనా ఓడిస్తుంది.

పాటకు ముందు ఆమె జీవితకథ ఎంత చెప్పాలి?

నాలుగు వాక్యాలు. ఎనిమిదిమంది పిల్లలు, భర్త అనారోగ్యం, 1856లో అతని మరణం, ఆ తరువాత దశాబ్దాల పాటు కచేరీలతో కుటుంబాన్ని పోషించడం: ఇవన్నీ నిజమే. రాబర్ట్ రాసుకుంటుంటే ఆమె పియానో సాధన ఆగిపోయేదన్నదీ, ఆడదానికి స్వరరచన తగదేమోనని ఇరవై ఏళ్ల వయసులో డైరీలో రాసుకున్నదీ నిజమే. కానీ పావుగంట సేపు ఆ కష్టాలు చెప్పాక పాట మొదలుపెడితే, శ్రోతలు ఆ మూడు ‘కాదు’లలోని నవ్వును వినలేరు, జాలితో వింటారు. ఆమె సమకాలికురాలు ఫానీ హెన్సెల్ విషయంలోనూ ఇదే జరుగుతుంది. ఆమె పాటలు కొన్ని తమ్ముడు ఫెలిక్స్ మెండెల్సన్ పేరు మీద అచ్చయ్యాయి. 1842లో విక్టోరియా రాణి అతని పాటల్లోంచి తనకు నచ్చినదాన్ని ఎంచుకుని పాడితే, అది తన అక్కదని అతను ఒప్పుకోవలసి వచ్చింది. మంచి కథే, కానీ ఆ రాణికి ఆ పాట కథ వల్ల నచ్చలేదు, పాట వల్ల నచ్చింది.

పేరు విషయం ఒకటి. కార్యక్రమ పత్రంలో ‘షూమన్’ అని మాత్రమే వేస్తే అందరూ రాబర్ట్ అనే అనుకుంటారు, కాబట్టి ప్రతి పాట కిందా ఆమె పూర్తి పేరు వేయించండి. 1841లో ఆ ఇద్దరూ పేర్లు దాచింది సరదాకు. మన అచ్చాఫీసులో అది అజాగ్రత్త వల్ల జరుగుతుంది.